తటస్థుడి కత్తి

ఏప్రిల్ చివరి ఆదివారం పొద్దున్నే మా ఆయన ఆల్బిన్ కత్తి తుడిచిపెట్టాను. స్విట్జర్లాండ్ కొండల్లోని మా అపెన్‌జెల్‌లో ఆ రోజు మగవాళ్లంతా నడుముకు కత్తులు కట్టుకుని, మైదానంలో తాడు కట్టిన బరిలో నిలబడి, చేతులెత్తి చట్టాలు చేస్తారు. కత్తి ఉన్నవాడికే ఓటు. ఆ కత్తికి నూనె రాసి నిగనిగలాడించేది మాత్రం ఓటు లేని మేము. స్విట్జర్లాండ్ మొత్తం మాట వస్తే నాకూ ఓటుంది. సైన్యానికి విమానాలు కొనాలో వద్దో చెప్పొచ్చు. మా ఊరి రోడ్డు బాగుచేయాలో వద్దో చెప్పకూడదు.

ఆ ఏడు, అంటే తొంభైలో, ఆడవాళ్లకు ఓటివ్వాలా వద్దా అన్నది మళ్లీ బరిలోకి వచ్చింది.

"ఈసారి చెయ్యెత్తుతావుగా?" అన్నాను.

"ఎత్తుతానే తల్లీ! ముందు ఆ కాఫీ ఇటివ్వు."

పక్కింటి ఫిలొమినా, నేనూ తాడు బయట నిలబడ్డాం. "ఎవరు అనుకూలం?" అని అడిగాడు సభాపతి. అక్కడక్కడ చేతులు లేచాయి. ఆల్బిన్ చెయ్యి కత్తిపిడి మీదే ఉంది.

"నీ మొగుడి చెయ్యి అతుక్కుపోయిందేమిటే ఇడ్డా?" అంది ఫిలొమినా.

"ఎవరు వ్యతిరేకం?" అనగానే చేతుల అడవి లేచింది. ఆల్బిన్ చెయ్యి అప్పుడూ పిడి మీదే.

ఇంటికొచ్చి కత్తి విప్పుతూ, "నేను వ్యతిరేకంగా ఎత్తలేదు, చూశావుగా?" అన్నాడు, పతకం గెలిచినట్టు.

"అనుకూలంగానూ ఎత్తలేదు."

"చుట్టూ పాల సొసైటీ వాళ్లే. రేపు వాళ్ల మొహం చూడొద్దూ? నేను తటస్థం. ఈ దేశం రెండు యుద్ధాలు గట్టెక్కింది దాంతోనే. మన ఊళ్లో ఒక్క కిటికీ అద్దమైనా పగిలిందా?"

"పగల్లేదు. కొట్టుకునేవాళ్ల బంగారం తెచ్చి మన నేలమాళిగల్లో పెట్టుకున్నాం. దాన్ని తటస్థం అనరు, కొట్టు తెరిచి కూర్చోవడం అంటారు."

"రేపు యూరపంతా ఒకటైనా మనం ఇలాగే ఉంటాం."

"ఉంటాం, గోడ మీద పిల్లిలా."

"సరేలేవే, ఆకలేస్తోంది. సాసేజ్ ఉడికిందా?"

పొయ్యి మీద చన్నీళ్లలో పచ్చి సాసేజ్ తేలుతోంది. నేను కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"ఉడికించడానికి నేను వ్యతిరేకం కాదు," అన్నాను. "అనుకూలమూ కాదు."

ఆయన రొట్టె, జున్ను తిన్నాడు.

నవంబరులో దేశపు పెద్ద కోర్టు, మీ ఇష్టాయిష్టాలతో పనిలేదు, ఆడవాళ్లకు ఓటుందని తేల్చేసింది. మా మగవాళ్లు ఇవ్వలేదు. ఈ ముక్క రాసి పెట్టుకోవలసిందే.

మరుసటి ఏప్రిల్ ఆదివారం నేను ఓటు చీటీ జేబులో పెట్టుకుని తయారయ్యాను. ఆల్బిన్ కత్తి లాగాడు. రాలేదు. కాలితో ఒర తొక్కిపట్టి లాగాడు. తుప్పు రాలింది తప్ప కత్తి రాలేదు.

"ఏమిటే ఇది! తుడవలేదా?"

"అది నీకూ తుప్పుకూ మధ్య తగువు. నేను తలదూర్చను."

"నలుగురిలో నా పరువు—"

"పాల సొసైటీ వాళ్లనడుగు, తుడిచిపెడతారు."

ఆయన కోసం ఆగలేదు. తాడు దాటి బరిలోకి వెళ్లాను. నా ముందున్న పెద్దాయన నన్ను చూసి, కత్తి సర్దుకుని, అటు తిరిగి నిలబడ్డాడు. "ఎవరు అనుకూలం?" అన్న మొదటి కేకకే చెయ్యెత్తాను. భుజం పట్టేసేంత పైకెత్తాను.

చెయ్యి దించాను కానీ కోపం దిగలేదు.