మోటార్లు నడిచే వేళ

ఎల్లారెడ్డిలో వజీర్‌కు మోటారు వైండింగ్ దుకాణం ఉంది. బావుల దగ్గర కాలిపోయిన మోటార్లను రైతులు బండ్ల మీద తెచ్చి అతని ముందు దించుతారు. అతను లోపల మాడిన రాగితీగ పీకేసి కొత్త తీగ చుడతాడు. మోటార్లు కాలడానికి కారణం తక్కువ వోల్టేజీ. ఊళ్లో అందరూ దాన్ని తిడతారు. వజీర్ తిట్టడు.

అతనికి ఇరవై ఆరేళ్లు. గొంతు మాత్రం పదేళ్ల దగ్గరే ఆగిపోయింది. సన్నగా, కొనదేరి ఉంటుంది. లోపలి గదిలోంచి "వస్తున్న" అంటే, బయట కొత్త రైతు "అమ్మా, మీ ఇంటాయన లేడా?" అని అడుగుతాడు. వజీర్ వచ్చి ఎదురుగా నిలబడతాడు. రైతు అతని మీసాలు చూసి మోటారు సంగతి మొదలుపెడతాడు. అలాంటి రోజు వజీర్ బేరమంతా తల ఊపుతూనే ముగిస్తాడు. తక్కువ మాట్లాడే మనిషని ఊళ్లో అతనికి మంచి పేరుంది.

గిటారు అతని అన్న సత్తార్ షార్జా నుంచి తెచ్చింది. అక్కడ సత్తార్ గదిలో ఉండే ఫిలిప్పీన్స్ మనిషి తన దేశం వెళ్లిపోతూ ఒక కరెంటు గిటారు, దాని స్పీకరు డబ్బా, అట్ట లేని ఒక క్యాసెట్ వదిలేశాడు. ఆ పాటలు వింటే సత్తార్‌కు తలనొప్పి వచ్చేది. తమ్ముడికి ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి తట్టుకుంటాడని అతనికి ఇచ్చి మళ్లీ విమానం ఎక్కాడు.

ఇంట్లో నాయనమ్మ అజ్మత్ బీ ఇలాంటి చప్పుడుకు ఒప్పుకోదు. అందుకని గిటారు దుకాణంలోనే ఉండేది. అక్కడి టేప్‌రికార్డర్‌లో సెల్లులు వేసే చోట స్ప్రింగులు తుప్పుపట్టాయి. అది కరెంటు మీదే నడవాలి. మామూలు వేళల్లో దుకాణం నిండా మనుషులు. బావులకు కరెంటు వదిలే వేళ మాత్రం ఊరు ఊరంతా పొలాలకు పరుగెత్తుతుంది. వజీర్ ఒంటరిగా మిగిలేది అప్పుడే. క్యాసెట్ పెట్టేదీ అప్పుడే. చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. తలపైన బల్బు ఆరబోతున్న బొగ్గులా ఎర్రబడేది.

ఆ ఎర్రటి వెలుతురులో పాట వచ్చేది. గిటార్లు నేలలో దిగబడిన బండిని లాగుతున్నట్టు కదిలేవి. పాడేవాడి గొంతు బావి అడుగున నిలబడి మాట్లాడే పెద్దమనిషి గొంతులా ఉండేది. మొదటిసారి విన్నప్పుడు వజీర్ దవడ దానంతటదే వదులైంది. అప్పటిదాకా అది బిగిసి ఉందని అతనికి తెలియదు. ప్రతి మనిషి లోపలా తాననుకునే మనిషి ఒకడుంటాడు. వాడి గొంతు వేరుగా ఉంటుంది. వజీర్ లోపలివాడు ఇన్నేళ్లూ మూగవాడు. ఇప్పుడు వాడికి గొంతు దొరికింది.

వజీర్ గిటారును క్యాసెట్‌కు శ్రుతి చేశాడు. బిరడలు తిప్పుతూ, ఆరు తీగలనూ పాట ఎంత కింద ఉంటే అంత కిందికి దించాడు. అన్నిటికంటే లావు తీగను ఇంకో స్వరం కిందికి దించాడు. అలా చేస్తే గిటారు మెడ మీది మెట్లపై ఒక్క వేలు అడ్డంగా వేసినా మూడు తీగలు కలిసి గర్జిస్తాయి. ఇది అతనికి ఎవరూ చెప్పలేదు. వేళ్లు నొప్పిపెట్టిన రోజు తెలిసింది. కాని అంత దించాక లావు తీగ బట్టలారేసే దండెంలా వేలాడి, మెట్లకు కొట్టుకుని గలగలమంది. కామారెడ్డిలో బ్యాండు సామాన్ల దుకాణానికి పోయి, మంద్రం వాయించే పెద్ద గిటారు తీగ తెచ్చి దాని స్థానంలో వేశాడు. అది పట్టడానికి మెడ చివర తీగలు ఆనే తెల్లపట్టీలోని గాడిని ఆకురాయితో వెడల్పు చేశాడు. ఇక గలగల లేదు. డబ్బా ముందు పెట్టిన స్క్రూలు బల్ల మీద వాటంతటవే నడిచేవి.

దుకాణం అరుగు మీద డప్పు బాలనర్సయ్య కూర్చునేవాడు. ఊరేగింపులకు పిలిచేవాళ్లు అతని కోసం అక్కడికే వస్తారు. పిలుపు లేని రోజు అతను గిటారుకు దరువు వేసేవాడు. వజీర్‌కు ఆ డప్పు మరీ ఖంగుమన్నట్టు అనిపించింది.

"అన్నా, జర కాపకుండ కొట్టరాదే."

"ఏంది? మంటకు కాపని డప్పు సావుకు గూడ పనికిరాదు."

"నాకు గట్లనే కావాలె."

"నీ పాట సావుకన్న అధ్వానమా?" అని బాలనర్సయ్య చెత్తకాగితాలు ముట్టించి డప్పు కాపుకున్నాడు.

ఒకరోజు దేవన్న అనే ఆయన తన బావమరిది మోటారు తీసుకుని వచ్చాడు. కామారెడ్డి మనిషే. సికింద్రాబాద్‌లో పాటల బృందం నడుపుతాడు. అరుగు మీద నిలబడి లోపలి మోత కాసేపు విన్నాడు.

"కాలేజీ పోరగాండ్లు గీ మోతనే అడుగుతున్నరు తమ్మీ. శుక్రవారం కామారెడ్డిల మా ఇంటికి రా. కుదిరితే నాతోటి తోల్కపోత. నువ్వు వాయిస్తే సాలు, మాట్లాడే పని లేదు."

ఆ చివరి మాటే వజీర్ మనసులో పడింది. సికింద్రాబాద్‌లో అతన్ని గిటారుతోనే గుర్తుపడతారు. ఎవరూ అమ్మా అనరు. శుక్రవారం దాకా అతను గొంతు దాచుకున్నాడు, ఇక దాంతో పని తీరబోతున్నట్టు.

దేవన్న ఇంట్లో మంచి టేప్‌రికార్డర్ ఉంది. పక్కన వోల్టేజీని సరిచేసే స్టెబిలైజర్ సన్నగా గుయ్యిమంటోంది. వజీర్ గిటారు, స్పీకరు డబ్బా దించి క్యాసెట్ అందించాడు.

"ఇది పెట్టుండ్రి. దీంతోటి కలిసి వాయిస్త."

దేవన్న మీట నొక్కాడు. గిటార్లు పైనుంచి, ఎండలో రేకుల మీద రాళ్లు పడ్డట్టు, తొందర తొందరగా వచ్చాయి. వజీర్ వేలు తీగ మీదే ఉండిపోయింది.

"వేరే క్యాసెట్ పెట్టిండ్రు."

"నువ్విచ్చిందే గదా."

వజీర్ తీసి చూశాడు. అదే. స్టెబిలైజర్ వైపు చూశాడు. పదేళ్లుగా తక్కువ వోల్టేజీ మోటారును ఏం చేస్తుందో ఊరందరికీ చెబుతున్నాడు. టేప్‌రికార్డర్‌లో కూడా ఒక మోటారు ఉంటుందని, వోల్టేజీ పడిపోతే అదీ నెమ్మదించి పాటను కిందికి లాగుతుందని అతనికి ఆ నిమిషందాకా తోచలేదు.

"అన్నా, అది తీసెయ్యిండ్రి."

దేవన్న వింతగా చూసి స్టెబిలైజర్ తప్పించాడు. టేప్‌రికార్డర్ మీది చిన్న బల్బు కొద్దిగా మసకబారింది. పాట కొద్దిగా దిగింది.

"ఇంకా తగ్గాలె."

"ఇంకేం తగ్గుతది? ఇది కామారెడ్డి."

అప్పుడే పాడేవాడు అందుకున్నాడు. సన్నటి గొంతు. కొనదేరిన గొంతు. దేవన్న పకపకా నవ్వాడు.

"కొండ లెక్క మనిషి ఉంటడనుకున్న. వీనిది ఆడోళ్ల గొంతే గదా!"

అని వజీర్‌ను చూసి నవ్వు ఆపేశాడు. వజీర్ స్టెబిలైజర్ ముల్లును చూస్తున్నాడు.

గిటారును పై శ్రుతికి ఎక్కించమన్నాడు దేవన్న. వజీర్ లావు తీగ బిరడ తిప్పాడు. తీగ మూలిగింది, మెడ వంగింది. తీగ ఎక్కడ తెగుతుందో చుట్టేవాడి వేళ్లకు తెలుస్తుంది. ఆపేశాడు. బిరడను వెనక్కి తిప్పాడు.

"ఎక్కదు."

"సరే, ఉన్నకాడికి వాయించు."

వాయించాడు. గూట్లో గ్లాసులు వణికాయి. వంటింట్లోంచి దేవన్న భార్య "లారీ వచ్చిందా?" అని అడిగింది.

"చెయ్యి మంచిగనే ఉంది తమ్మీ," అన్నాడు దేవన్న. "కాని మేమందరం మిద్దె మీద, నువ్వొక్కనివి బావిల. నీతోటి ఎవరు కలుస్తరు? ఆ గాడి పూడ్పించి, మామూలు తీగలు ఏస్కో. పైకి ఎక్కిస్తే ఆదివారం రా, తోల్కపోత."

వజీర్ తల ఊపాడు. బస్‌స్టాండుకు పోతూ కొత్త తీగల పొట్లం కొన్నాడు. బస్సు ఎల్లారెడ్డి చేరేదాకా అది చేతిలోనే ఉంది. సరైన శ్రుతి దాంట్లో ఉంది. అక్కడికి ఎక్కితే చాలు, బయటికి పోవచ్చు. కాని ఆ బిరడ బిగిస్తున్నప్పుడు తన దవడ కూడా దాంతోపాటే బిగిసింది. అది అతనికి గుర్తుంది.

ఆదివారం బావులకు కరెంటు వదిలారు. బల్బు ఎర్రబడింది. వజీర్ క్యాసెట్ పెట్టాడు. మళ్లీ బావి అడుగు పెద్దమనిషి వచ్చాడు. కాని ఇప్పుడు ఆ గొంతు లోపల ఇంకో గొంతు, పెద్దన్న అంగీ తొడుక్కున్న పిల్లవాడిలా, కదులుతూ వినిపించింది. వజీర్ కాసేపు విని టేపు ఆపేశాడు.

"సికింద్రాబాద్ ఎప్పుడు?" అరుగు మీంచి అడిగాడు బాలనర్సయ్య.

"పోను."

తీగల పొట్లం విప్పకుండానే సొరుగులో, రాగితీగ చుట్టల పక్కన పెట్టాడు. లావు తీగ మీద వేలు వేసి మీటాడు. స్క్రూలు నడిచాయి. అది మోగుతుండగా నోరు తెరిచి, మాటలేమీ లేకుండా, లోపల ఉన్నంత గట్టిగా అరిచాడు. సన్నగానే వచ్చింది. కింద తీగ అంత లోతుగా దిగి ఉండడం వల్ల, పైన ఆ గొంతు నిలబడడానికి బోలెడంత ఖాళీ ఉంది. అది దేనికీ తగలలేదు.

బాలనర్సయ్య అగ్గిపెట్టె తీశాడు. కాసేపు విన్నాడు. అగ్గిపెట్టె మళ్లీ జేబులో వేసుకుని, కాపని డప్పు మీద మెల్లగా దరువు అందుకున్నాడు.

బయట ఒక రైతు మోటారు దించాడు.

"అమ్మా! వజీర్ ఉన్నడా?"

వజీర్ ఆపలేదు.

"ఉన్నడు," అన్నాడు బాలనర్సయ్య. "పాడుతున్నడు."

"పాడేది ఆడామె గదనే?"

"ఆయననే. కూసో, అయినంక వస్తడు."

రైతు మోటారు మీద కూర్చున్నాడు.