పదేళ్లు తగ్గిన మేస్త్రి

మా పెదనాన్న తాపీమేస్త్రి. మోకాళ్లు అరిగి, పరంజా ఎక్కలేక పని మానేసి ఏడాదయింది. ఆస్తంటే తన చేతులతో కట్టుకున్న రెండు గదుల ఇల్లొక్కటే. ఒక గది అద్దెకిద్దామంటే వంటెక్కడ చేసుకోవాలంటుంది పెద్దమ్మ. అమ్మేస్తే తలదాచుకునేదెక్కడ?

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. బ్యాంకులో ఒక పద్ధతుందని నేనే కనుక్కొచ్చాను. ఇల్లు తాకట్టు పెట్టుకుని బ్యాంకే నెలనెలా డబ్బిస్తుంది. ఇద్దరూ బతికున్నంతకాలం అందులోనే ఉండొచ్చు. ఆ తర్వాత ఇల్లమ్మి తన బాకీ తీసుకుంటుంది.

"అయితే గోడలే అన్నం పెడతాయన్నమాట," అన్నాడు పెదనాన్న. ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. పెద్దమ్మతో కలిసి ముగ్గురం బ్యాంకుకి వెళ్లాం.

ఆఫీసరమ్మ దస్తావేజు బాగుందంది. గుర్తింపు కార్డు దగ్గర ఆగింది.

"అరవై నిండాలండీ. మీకు యాభయ్యారే."

"అరవయ్యారమ్మా."

"కార్డులో అలా లేదే. బడి సర్టిఫికెట్ ఏదైనా ఉందా?"

"బడులు కట్టానమ్మా, చదువుకోలేదు."

నేను తల దించుకున్నాను. పన్నెండేళ్ల కిందట ఆ కార్డుకి దరఖాస్తు నింపింది నేనే. నలభై అయిదు దాటినవాళ్లు వద్దన్నాడు కాంట్రాక్టరు. అప్పట్లో చెప్పిన వయసే రాసుకునేవారు. పదేళ్లు తగ్గించాను. చదువంటే ఇదిరా అని పెద్దమ్మ ఆ రోజు నా వీపు నిమిరింది.

ఇప్పుడు ఆవిడే ముందుకు జరిగింది. "ఆ లెక్కన ఈయన నాకంటే ఆరేళ్లు చిన్న. నిక్కరేసుకునే పిల్లాణ్ణి కట్టుకున్నానా? పెళ్లినాటికే మీసాలున్నాయమ్మా, నేనే సాక్షిని."

ఆఫీసరమ్మ నవ్వింది. నవ్వాక కూడా కార్డు మారలేదు.

"తప్పు రాసింది నేనేనండీ, సరిచేయిస్తాను," అన్నాను.

"ఏ ఆధారంతో బాబూ?"

నేను కార్డు వెనక్కి తీసుకున్నాను.

"నాలుగేళ్లాగి రండి," అందామె మెల్లగా.

తిరిగొస్తుంటే మా సందు మొదట్లో, కొత్త భవనం గేటుకి బోర్డు వేలాడుతోంది: కాపలాదారు కావలెను, అరవై లోపువారు. పెదనాన్న నాతో చదివించుకుని లోపలికి నడిచాడు. గుమాస్తా ఇచ్చిన ఫారం నా చేతిలో పెట్టాడు.

వయసు గడి దగ్గర నా పెన్ను ఆగింది.

"రాయరా, యాభయ్యారని," అన్నాడు మోకాలు నొక్కుకుంటూ. "ఇప్పుడది అబద్ధం కాదుగా. బ్యాంకోళ్లే ఒప్పుకున్నారు."