మడమ నుంచి మోచేతి దాకా

ఇడ్లీ పాత్ర మూత తీయబోయి పొద్దున్నే చెయ్యి కాల్చుకున్నాను. మా వంటింటి గట్టు ఎత్తు. దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద పాత్ర. కాళ్ళ కింద పీట వేసుకుంటేగానీ లోపల ఏం ఉడుకుతోందో నాకు కనిపించదు. ఆ రోజు తొందరలో పీట లాక్కోవడం మర్చిపోయాను. కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడితే హాల్లోంచి మా వారు ఏమైందని అడిగారు. చెప్పాను. "పీట ఉందిగా రమ్యా! పొట్టివాళ్ళకి పుట్టెడు బుద్ధులంటారు, నీకు పీటెక్కాలన్న ఒక్క బుద్ధీ సమయానికి రాదేం?" అని నవ్వారు. భానుప్రకాష్ గారికి కోపమే రాదని ఏలూరులో మా వీధి వీధంతా చెప్పుకుంటారు. కోప్పడే మనిషితో అయితే పోట్లాడవచ్చు. నవ్వే మనిషితో ఏం చేస్తాం? నేనూ నవ్వేశాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ చేస్తున్న పని అదే.

ఆ నవ్వులోనే ఇంకో కబురూ చెప్పారు. మేడ మీద కడుతున్న వాటాకి గోడలు, ప్లాస్టరింగూ అయిపోయాయి. ఆదివారం బుల్లిరాజు మేస్త్రి వచ్చి వంటింటి గట్టు కడతాడు. "కింద ఎంత ఎత్తుందో పైనా అంతే పెట్టమన్నాను. అలవాటైన ఎత్తు కదా, నీకూ సుఖం," అన్నారు. పని పూర్తయితే మేమంతా పైకి వెళ్ళిపోతాం, కింద వాటా అద్దెకిస్తాం. ఇక ఆ గట్టు దగ్గరే నేను ముసలిదాన్ని కావాలి. అయినా అప్పుడు నాకేమీ అనిపించలేదు, చెయ్యి మండుతోంది, బస్సు టైమవుతోంది. రెండు క్యారేజీలు సర్ది, అత్తయ్యగారికి మధ్యాహ్నానికి కూర మూతపెట్టి, ఖాళీ హార్లిక్స్ సీసాలు సంచీలో వేసుకుని బయల్దేరాను. "ఇంట్లో సీసాలన్నీ బడికే," అన్నారు మా వారు వెనక నుంచి. అది కూడా నవ్వుతూనే.

సీసాలు పూసలు పోయడానికి. ఈ జూన్‌లో బదిలీ మీద కొల్లేరు లంకలో ఒక చిన్న బడికి వచ్చాను. బస్సు దిగి, పడవలో దాటి, చేపల చెరువుల గట్ల మీద నడిస్తే వస్తుంది. నావి ఒకటీ రెండూ తరగతులు. మొదటి రోజు గదిలోకి అడుగుపెడితే గోడ మీద ఒక పటం, మూల తాళం వేసిన బీరువా, బెంచీలు అతికే ఉన్న నీలం రంగు బల్లలు. బీరువాలో రంగు పెన్సిళ్ళూ కథల పుస్తకాలూ కొత్తవి కొత్తగానే ఉన్నాయి, పిల్లలు పాడు చేస్తారని. అవన్నీ దింపాను. ఆకివీడు లారీలకి చేపలెత్తే ప్లాస్టిక్ ట్రేలు, అంచు విరిగినవి, ఊళ్ళో ఎవరింట చూసినా ఉంటాయి. నాలుగు అడిగి తెచ్చి, కుంకుడు రసంతో కడిగి, గోడవారగా బోర్లించకుండా పేర్చి పుస్తకాలు పెట్టాను. చిరిగిన వల ఒకటి మేకులకి కట్టి, దాని కన్నుల్లో అక్షరాల అట్టలు గుచ్చాను. ఎంత కడిగినా ట్రేలకి కాస్త నీచు వాసన ఉంది. అది నాకొక్కదానికే తెలిసేది, పిల్లలకి అది ఇంటి వాసన.

నాకొక జబ్బుంది. ఏదైనా కాస్త తేడాగా కనిపిస్తే ఎందుకూ అన్న ప్రశ్న పంటి కింద రాయిలా తగులుతూనే ఉంటుంది. ట్రేల దగ్గర నేల మీద కూర్చున్నప్పుడు గంటసేపైనా కదలని పిల్లలు, బల్ల ఎక్కితే చాలు జారతారు, మెలికలు తిరుగుతారు, మోకాళ్ళ మీద లేస్తారు. రెండో తరగతి శ్రావ్య అయితే బెంచీ మీద మోకరిల్లే రాస్తుంది. కూర్చోమంటే కూర్చుని, అయిదు అక్షరాలు రాసేసరికి మళ్ళీ లేస్తుంది. "లంక పిల్లలండీ, కుదురుండదు. పడవలో పుట్టారు కదా, ఊగుతూనే ఉంటారు," అన్నారు మా హెడ్మాస్టరు ఏలీయా గారు. మంచి మనిషి, చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కానీ పడవలో పుట్టిన పిల్లలు నేల మీద ఎందుకు ఊగడం లేదు?

రెండు రోజులు పాఠం చెబుతూ వాళ్ళ చేతులే చూశాను. కుడిచేత్తో రాస్తున్నారు. ఎడమచెయ్యి పుస్తకం మీద ఉండాలి కదా, ఒక్కరికీ లేదు. అందరూ ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుని ఉన్నారు, పడిపోకుండా. పుస్తకం దాని దారిన అది తిరిగిపోతోంది, అక్షరాలు ఏటవాలుగా పోతున్నాయి. నేను ఎర్ర సిరాతో 'చక్కగా రాయి' అని రాస్తున్నాను.

సుద్దముక్క ఏదో జారి పడితే తీయడానికి బల్ల కిందకి దూరాను. అక్కడ వరసగా గాల్లో వేలాడుతున్న చిన్న చిన్న పాదాలు కనిపించాయి. ఒక్కటీ నేలకి ఆనలేదు. బల్ల కాళ్ళు వింతగా ఉన్నాయి, అడుగున లావుగా. గోరుతో గీకితే నీలం రంగు పెచ్చు ఊడి లోపల ఎర్రగా ఇటుక కనిపించింది. ప్రతి కాలు కిందా ఇటుకలే, సిమెంటు పూసి అతికించి ఉన్నాయి.

బడిలో మధ్యాహ్న భోజనం వండే జీవరత్నాన్ని అడిగాను. ఆమె గరిటె పట్టుకునే నవ్వింది. "అయ్యో, అవాండీ? కొల్లేరు బళ్ళోకొచ్చేసిన ఏడాది పెట్టారండీ. బల్లలు తడిసి పాడైపోతాయని ఊళ్ళో వాళ్ళే ఎత్తు చేశారు. ఆనక నీళ్ళు పోయినియ్యి, ఇటుకలు ఉండిపోయినియ్యి. రంగులేసే వాళ్ళొచ్చి వాటికీ ఏసేశారండీ." ఇక్కడ ఇళ్ళలో అన్నీ ఎత్తు మీదే ఉంటాయి, బియ్యం డ్రమ్ము, మంచం, బట్టల పెట్టె. నీళ్ళకి భయపడి ఎత్తినవి నీళ్ళు పోయాక దింపేవాళ్ళుండరు. రంగు పడ్డాక అయితే అవి ఇటుకలన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. తర్వాత వచ్చిన టీచర్లందరూ బల్లలు ఇంతేననుకున్నారు. పిల్లలకే కుదురు లేదనుకున్నారు.

వలలు అల్లే నైలాను దారం ఒక ఉండ అడిగి తెచ్చుకున్నాను. ప్రతి పిల్లకీ మోకాలి నుంచి మడమ దాకా కొలిచి ముడి వేసి, ఆ దారాలన్నీ వల పక్కన మేకుకి వేలాడదీశాను. పిల్లలకి అదొక ఆట అయిపోయింది. "నా కాలు ఏది టీచర్‌గారండీ?" అంటూ ఎవరి దారం వాళ్ళు వెతుక్కోవడమే. ఏలీయా గారిని పిలిచి ఆ దారాలను బెంచీ అంచు నుంచి వదిలి చూపించాను. అన్నీ గాల్లోనే ఆగిపోయాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మరి మళ్ళీ నీళ్ళొస్తేనోనండీ?" అన్నారు. "వస్తే మళ్ళీ ఎత్తుకుందామండీ. నీళ్ళు వచ్చినా నాలుగు రోజులుంటాయి, పిల్లలు ఏడాదంతా కూర్చుంటారు కదండీ," అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, సరే శనివారం కొట్టించేద్దామన్నారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పీటెక్కి పులుసు కలుపుతున్నాను. గరిటె కుడిచేతిలో ఉంది. మరి ఎడమచెయ్యి ఎక్కడుందో ఎందుకో చూసుకున్నాను. గట్టు అంచు పట్టుకుని ఉంది.

స్టవ్వు కట్టేశాను. ఇన్నేళ్ళుగా ఆ చెయ్యి అక్కడే ఉందన్నమాట, పీట మీంచి జారకుండా. రాత్రిళ్ళు ఎడమ భుజం పీకుతుంటే మందు రాసుకున్నాను, బడికి సంచులు మోస్తే పీకక ఏమవుతుందని మా వారంటే నిజమే కాబోలనుకున్నాను. పీట దిగాను. సంచీలోంచి దారం తీసి మడమ కింద తొక్కిపట్టి, మోచెయ్యి మడిచి, అక్కడ ఒక ముడి వేశాను. నిలబడి పని చేసుకోవాలంటే బల్ల మోచేతికి కాస్త దిగువన ఉండాలని ఎక్కడా చదవక్కర్లేదు, నిలబడి చూస్తే తెలుస్తుంది. దారాన్ని గట్టుకి ఆనించాను. ముడి గట్టు అంచుకి బెత్తెడు కిందనే ఉండిపోయింది. నాకు ఏడుపు రాలేదు. లెక్క తేలినప్పుడు పిల్లల ముఖం వెలుగుతుందే, అలా వెలిగింది లోపల. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

హాల్లో అత్తయ్యగారు నాగరత్నం గారు తోటకూర బాగుచేస్తున్నారు. పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యగారండీ, ఈ గట్టుకి ఎత్తు ఎవరు చెప్పారండీ?"

"ఎవరేమిటే? మీ మావగారే. ఇంటికి యజమాని కొలతే శుభమని సిద్ధాంతి గారన్నారు. గుమ్మాలూ, గదులూ, మెట్లూ అన్నీ ఆయన కొలతే. గట్టు దగ్గర కూడా ఆయన్ని నిలబెట్టి నడుం దగ్గర గీత గీశాడు మేస్త్రి."

మావగారు ఆరడుగుల మనిషి. గోడ మీద ఫొటోలో కూడా వంగి చూస్తున్నట్టే ఉంటారు. అత్తయ్యగారు ఇంచుమించు నా ఎత్తే ఉంటారు.

"మరి మీరు ఎలా వండేవారండీ?"

"ఎలా ఏముంది, గృహప్రవేశం మర్నాడే పీట చేయించుకున్నా. నువ్వెక్కుతున్నది అదేగా." ఆవిడ తోటకూర కాడ విరిచారు. "పొట్టిదాన్నయ్యాక ఇంకేం చేస్తాను? ఆయన కూడా అంతే, ఏదైనా అందకపోతే ఒకటే నవ్వేవారు."

పీటను తెచ్చి వెలుతురులో పెట్టి చూశాను. పై చెక్క మధ్యలో రెండుచోట్ల గుంటలు పడి ఉన్నాయి, ఆవిడ పాదాలవి. వాటిలోనే నా పాదాలు పెట్టుకుని ఇన్నాళ్ళూ నిలబడ్డాను. నాకు కూతురుంటే దాని కాళ్ళకీ సరిపోయేవి.

రాత్రి భోజనాల దగ్గర మా వారితో చెప్పాను, పైన గట్టు నా కొలత పెట్టించండి అని. ఆయన ముద్ద కలుపుతూ, "బడిలో బల్లలయ్యాయి, ఇప్పుడు ఇంటి మీద పడ్డావా?" అన్నారు. తర్వాత బుజ్జగింపుగా, "నాన్న పెట్టిన కొలత రమ్యా. యజమాని కొలత కాదని పెడితే రేపు ఏదైనా అయితే అందరూ నిన్నే అంటారు. ఆ మాట నీకెందుకు? కావాలంటే కొత్త పీట చేయిస్తాను, టేకుది," అన్నారు. టేకు పీట. ఎంత ప్రేమగా అన్నారో చెబితే ఎవరికీ నా బాధ అర్థం కాదు. నేను ఆయన కంచంలో పులుసు వడ్డించాను. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు.

శనివారం బడిలో ఊళ్ళోవాళ్ళు ఉలులు తెచ్చి ఇటుకలు కొట్టేశారు. ఒక్కొక్క బల్లా దిగుతుంటే పిల్లలు చప్పట్లు. శ్రావ్య అందరికంటే ముందు పరుగెత్తి కూర్చుంది. కూర్చుని, ఏదో అనుమానంగా కిందికి చూసుకుంది. పాదాలు అటూ ఇటూ నేల మీద రాసింది. "టీచర్‌గారండీ, నేల తగిలిందండీ," అంది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే దాని ఎడమచెయ్యి పుస్తకం మీదకి వచ్చింది. నేను కిటికీ వైపు తిరిగి కొల్లేరు చూస్తూ ఉండిపోయాను, కళ్ళు తుడుచుకునేదాకా.

ఆదివారం బుల్లిరాజు మేస్త్రి వచ్చాడు. పైన కొత్త వంటింట్లో ఇటుకలు రెండు దొంతులుగా పేర్చి, వాటి మీద కడప బండ పెట్టి చూసుకుంటున్నాడు. నేను కాఫీ చేయకుండా మేడెక్కాను. "అయ్యగారండీ, మీదీ పెద్దయ్యగారి ఎత్తే కదా, ఇలాగొచ్చి నిలబడండి, గీత పెట్టేసుకుంటాను," అన్నాడు మేస్త్రి. మా వారు లుంగీ సర్దుకుంటూ ముందుకు వచ్చారు. నేను ఆయనకీ బండకీ మధ్య నిలబడ్డాను. కొంగులోంచి దారం తీసి మేస్త్రికి ఇచ్చాను.

"ఈ ముడికి నాలుగు వేళ్ళు కిందగా పెట్టండి బుల్లిరాజుగారూ."

"ఎవరి కొలతండీ ఇది?"

"నాదండీ."

మేస్త్రి మా వారి వైపు చూశాడు. మా వారు నవ్వారు. "పుట్టెడు బుద్ధులని ఊరికే అనలేదయ్యా పెద్దలు," అన్నారు మేస్త్రితో. నేనూ నవ్వుతానని ఆగారు. నేను నవ్వలేదు. నవ్వు రాకుండా ఆయన ముఖంలోకి చూడడం నాకూ కొత్త. పెదాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"గుమ్మాలు మీ కొలతే ఉంచండి. గదులు, మెట్లు, మేడ మొత్తం మీ కొలతే ఉంచుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఈ గట్టు దగ్గర మాత్రం మీరెప్పుడైనా నిలబడ్డారా అండీ?"

"అది కాదు రమ్యా, మేస్త్రి ముందు..."

"రేపు ఏదైనా అయితే నన్నే అంటారన్నారు కదా. అననివ్వండి. చేతులు కాలేది కూడా నాకేగా."

ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, ఫోన్ మోగకపోయినా తీసి చూసుకున్నారు. మేస్త్రి బండ దింపి, రెండు దొంతుల్లోంచీ ఇటుకలు తీసి పక్కన పెట్టాడు, దారం ఆనించి చూసి మళ్ళీ బండ ఎత్తాడు. "ఆయ్, సరిపోయిందండీ," అన్నాడు.

అప్పుడు మెట్ల మీద గాజుల చప్పుడైంది. మోకాళ్ళ నొప్పులతో ఇన్ని నెలలుగా మేడ మొహం చూడని అత్తయ్యగారు, కాఫీ గ్లాసుల పళ్ళెంతో రొప్పుతూ పైకి వచ్చారు. ఎప్పటి నుంచి వింటున్నారో తెలియదు. కొడుకు పక్క నుంచి నడిచి వచ్చి, పళ్ళెం ఆ బండ మీద పెట్టారు. పెట్టిన చేతులు తీయలేదు. రెండు అరచేతులూ బండ మీద ఆనించి, భుజాలు దించి నిలబడ్డారు. అలవాటు కొద్దీ కుడికాలు పీట కోసం కాస్త వెతికింది. తర్వాత ఆవిడ తల వంచి, నేల మీద ఉన్న తన పాదాల వైపు చాలాసేపు చూసుకున్నారు.

"అయితే అమ్మాయ్," అన్నారు నెమ్మదిగా, "మనం పొట్టివాళ్ళం కామన్నమాట."