సంచి పిల్లలు

గ్లౌజుని ఎప్పుడూ తిరగేసి కుడతారు, కుట్టు లోపలికి పోవాలి కాబట్టి. కుట్టడం అయ్యాక ఒక్కో వేలినీ మళ్ళీ బయటికి తియ్యాలి. మా కంపెనీలో దాన్ని తిప్పడం అంటారు. నాలుగు వేళ్ళు సన్నటి కర్రతో పొడిస్తే వచ్చేస్తాయి. చిటికెన వేలు మాత్రం ఒక పట్టాన రాదు. కర్ర పెడితే బట్ట చిరుగుతుంది, పెద్దవాళ్ళ వేలు ఎంతో తంటాపడితే గానీ దూరదు. పిల్లల వేలైతే ఇట్టే దిగిపోతుంది.

అందుకే తిప్పే పని ఇళ్ళకొచ్చేది. సాయంత్రం షిఫ్టు అయ్యాక గేటు దగ్గర ఒక్కో ఆడమనిషికీ ఒక్కో గ్లౌజుల సంచి ఇచ్చేవారు. తెల్లారి అన్నీ తిప్పి తెచ్చి అప్పగించాల్సిందే. కాగితం మీద మాత్రం పని చేసేది పెద్దవాళ్ళే అని ఉండేది. ఆ కాగితం మీద మొదట మా అమ్మ వేలిముద్ర వేసింది, ఆ తర్వాత నేను సంతకం పెట్టాను. తిప్పింది మాత్రం మొదట నేను, ఆ తర్వాత నా కూతురు. ఈ సంగతి మా వీధిలో కుక్కపిల్లకి కూడా తెలుసు.

నా కూతుర్ని అందరూ పిచ్చుక అంటారు. అప్పటికి పదకొండేళ్ళు. నోరూ ఆగదు, చేతులూ ఆగవు. వాళ్ళ నాన్న ఉన్నాడా అంటే ఉన్నాడు, లారీల మీద. నెలకోసారి చుట్టంలా వచ్చిపోతాడు. ఇంట్లో మిగిలింది నేను, పిచ్చుక, వేళ్ళు వంకర్లు పోయి చెంబు కూడా పట్టుకోలేని మా అమ్మ.

ఆ ఏడాది మా ఓనరు గారు, ఇంకో మూడు కంపెనీల వాళ్ళు కలిసి ఒక పథకం పెట్టారు. ఒక్కో కంపెనీ నుంచి ఒక్కో కార్మికుడి బిడ్డని మంచి హాస్టలు బడిలో వేస్తారు. ఎంతవరకు చదివితే అంతవరకు వాళ్ళే చదివిస్తారు. "ఒక్క తరం చదువుకుంటే చాలు, ఆ ఇంట్లో పేదరికం అక్కడితో ఆగిపోతుంది" అని మేనేజరు మైకులో చెప్పాడు. మైకు చేతిలో ఉంటే మాటలకేం కొదవ అనుకున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మిషను మీద కూర్చున్నా అదే, అన్నం కలుపుతున్నా అదే.

మార్కుల్లో పిచ్చుకే ముందుంది. అయితే ఒక షరతు పెట్టారు. బిడ్డ చేత ఏ పనీ చేయించని ఇల్లయి ఉండాలి. ఇది చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కాగితం ఇచ్చిందీ, సాయంత్రం సంచి ఇచ్చిందీ ఒకే గుమస్తా.

ఇంటర్వ్యూకి నేనే తర్ఫీదిచ్చాను.

"ఇంటికొచ్చాక ఏం చేస్తావని అడిగితే?"

"చదువుకుంటానంటా."

"గ్లౌజుల మాట ఎత్తితే?"

"మా అమ్మ కుడుతుందంటా. నేను ముట్టుకోనంటా. అమ్మా, అబద్ధం చెప్పొద్దని నువ్వే కదా..."

"నోరు ముయ్యి" అన్నాను.

మీటింగు రూములో పొడుగాటి బల్ల, దాని మీద మంచినీళ్ళ సీసాలు, అమ్మకానికి చూపించే గ్లౌజుల కట్టలు. ఓనరు గారు మధ్యలో కూర్చున్నారు. పక్కన అట్టపెట్టెల కంపెనీ మేడమ్, ఇంకో ఇద్దరు. మేనేజరు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నన్ను కూర్చోమన్నారు గానీ నేను కుర్చీ అంచునే కూర్చున్నాను.

పిచ్చుక బాగా చెప్పింది. లెక్కలడిగితే లెక్కలు, పాఠం చదవమంటే పాఠం. పెద్దయ్యాక ఏమవుతావంటే, మిషన్లు చెడిపోకుండా తయారు చేసే ఇంజనీరునవుతా, మా అమ్మ మిషను రోజూ మొరాయిస్తుంది అంది. అందరూ నవ్వారు. నాకు సీటు వచ్చేసినట్టే అనిపించింది.

అప్పుడు చూశాను. మాట్లాడుతూ మాట్లాడుతూనే దాని చెయ్యి బల్ల మీద గ్లౌజు దగ్గరికి పోయింది. ఆ గ్లౌజుకి చిటికెన వేలు సరిగ్గా తిరక్క లోపలే ఉండిపోయింది. పిచ్చుక అటు చూడను కూడా లేదు. వేలు లోపలికి పెట్టి, మెలి తిప్పి, లాగి, అరచేత్తో రాసి చదును చేసి పెట్టేసింది. మాట మధ్యలో ఎక్కడా తడబడలేదు.

మేడమ్ నవ్వడం ఆపేసింది.

"ఇది నీకెవరు నేర్పారమ్మా?"

పిచ్చుక నా వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధం నాలుక చివరే ఉంది, నేను తల ఊపితే చెప్పేస్తుంది. నేను ఊపలేకపోయాను.

"నేనే నేర్పానండి" అన్నాను. "నాకు మా అమ్మ నేర్పింది."

"మీరు ఎన్నో ఏట మొదలుపెట్టారు?" అన్నారు ఓనరు గారు.

"గుర్తు లేదు సార్. గుర్తుండే వయసు రాకముందే."

మేడమ్ మెల్లగా షరతు కాగితం ముందుకు జరిపింది. "పాప బంగారం లాంటిది. కానీ నియమం నియమమే. ఇవాళ దీన్ని దాటితే రేపు ఎవరికేం చెబుతాం?"

నా కూతురి సీటు నా కళ్ళముందే పోతోంది. బతిమాలుకుందామనే నోరు తెరిచాను. వచ్చింది వేరే మాట.

"ఆ సంచి మీ కంపెనీదే కదా సార్. ఒక పిల్లకి సీటు, మిగతా పిల్లలందరికీ సంచి. ఇదేం న్యాయం?"

మేనేజరు గోడ వదిలి ముందుకొచ్చాడు. "సార్, ఆ పని పెద్దవాళ్ళే..."

"ఒక సంచి తెప్పించు" అన్నారు ఓనరు గారు.

సంచి వచ్చింది, దాంతోపాటు తిప్పే కర్రా వచ్చింది. ఆయన ఒక గ్లౌజు తీసి తిప్పడం మొదలుపెట్టారు. నాలుగు వేళ్ళయ్యాయి. చిటికెన వేలు దగ్గర ఆగిపోయారు. చూపుడు వేలు దూరలేదు. కర్ర పెడితే కుట్టు చిరిగింది. ఇంకోటి తీశారు. అదీ అంతే. చెమట పట్టింది. ఆ సంచినిండా ఉన్న గ్లౌజుల్ని తెల్లారేలోగా పెద్దవాళ్ళ వేళ్ళు తిప్పలేవని ఆయనకి అప్పుడు అర్థమైంది.

"నాకు తెలియదు" అన్నారు.

నమ్మాను. నమ్మాకే నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా గేటు దాటే సంచి, అది ఎవరి ఒళ్ళోకి పోతోందో ఒక్కనాడూ అడగలేదా మనిషి?

ఆయన మేడమ్ వైపు తిరిగారు. "నియమం రాసింది నేను. సంచి ఇచ్చిందీ నేనే. రెండింటి మధ్యా ఈ పిల్లని నలిపెయ్యలేనమ్మా. సీటు దీనిదే. ఒకటో తారీకు నుంచి సంచి గేటు దాటదు. తిప్పడం లోపలే, షిఫ్టులోనే, జీతం మీదే. మిషను దొరికితే పెడదాం. దొరికేదాకా పని నెమ్మదిగానే సాగుతుంది."

మేనేజరు నాకు సైగ చేశాడు, దండం పెట్టమని. నా చేతులు లేవలేదు. పిచ్చుకని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

చెప్పిన మాట నిలబెట్టుకున్నారు, అది ఒప్పుకోవాలి. తిప్పే బల్లలు వేయించి పెద్దవాళ్ళనే కూర్చోబెట్టారు. మా వీధిలో కొందరు మాత్రం చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. సంచి కూలి పోయిన ఇంట్లో పూట గడవడం ఎంత కష్టమో నాకూ తెలుసు, అందుకే ఎదురు చెప్పలేదు.

పిచ్చుక హాస్టలుకి వెళ్ళిన మొదటి ఆదివారం చూడటానికి వెళ్ళాను. జడ తనే వేసుకుంది, వంకరగా. బడి గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"అమ్మా, ఇక్కడ సాయంత్రం బెల్లు కొట్టి ఆడుకోమంటారు. అందరూ పరిగెడతారు. నాకేమీ రాదు. గట్టు మీద కూర్చుంటున్నా. నువ్వు చిన్నప్పుడు ఏం ఆడేదానివి? అది నేర్పవా?"

వెతుక్కున్నాను. సాయంత్రాలన్నీ ఒకటొకటిగా తవ్వి చూశాను. ఒళ్ళో సంచి తప్ప ఏమీ కనబడలేదు. వచ్చే వారం చెబుతానని బస్సెక్కేశాను.

ఇంటికొచ్చి మా అమ్మనడిగాను. "నన్నడుగుతావేంటే" అని, ఆ వంకర వేళ్ళతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. అమ్మ ఏడవగా చూడటం నాకదే మొదలు. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

తర్వాతి ఆదివారం పిచ్చుక గేటు దగ్గరే ఎదురొచ్చింది.

"అడిగావా?"

"అడిగాను. అమ్మమ్మకీ రాదు, నాకూ రాదు. నువ్వే నేర్చుకొచ్చి మాకు చెప్పమ్మా" అన్నాను.