అలమర వెనుక చప్పుడు

దనిత్సా రంగురంగులుగా మెరిసే విలువైన ఒపల్ రాళ్ల కోసమే గోడ తవ్వుతోందని ఊరంతా నమ్మింది. ఎడారి కొండలను తొలిచి ఇళ్లు చేసుకున్న ఆ ఊళ్లో, ఇళ్ల మధ్య గని తవ్వడం నిషేధం; ఇంటికి మరో గది చేర్చుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు; ఆ వంకతోనే అందరూ రాళ్లు వెతుకుతారు. కాబట్టి ఒంటరిగా ఉంటున్న డెబ్బై ఏళ్ల మనిషి గునపం పట్టిందంటే, వేరే కారణం వెతకవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

కొండకు అవతలి వైపున ఉండే స్టామతిస్‌కు అసలే కనిపించలేదు. మూడు నెలలుగా ఆయన వంటింటి అలమర వెనుకే ఆ చప్పుడు. ఇరవై ఏళ్లపాటు ప్రతి సాయంత్రం ఆమెతో పాచికలాడిన మనిషి, మోకాలు అరిగిపోయి, ఎండలో కొండ చుట్టి వెళ్లలేక ఏడాదిగా ఆట మానేశాడు. ఇల్లు అమ్మి అడిలైడ్‌లో మేనకోడలి దగ్గరికి పోదామనుకున్నాడు. కొనేవాడు శనివారం వస్తున్నాడు. ఈలోగా తన గోడలోని సంపద పొరుగింటికి తరలిపోతోందని ఆయన బెంగ.

గురువారం బస్సులోంచి మోరిన్ దిగింది. భూములు కొలిచే ఉద్యోగం నుంచి విరమణ పొంది, దేశం చూడటానికి బయలుదేరిన మనిషి. బస అడిగితే స్టామతిస్ దనిత్సా ఇల్లు చూపించాడు.

"ఆ తవ్వకం ఎందాకా వచ్చిందో కాస్త చూసి చెప్పమ్మా."

"గూఢచారి పనా, పెద్దాయనా? దీనికి ఒక్క కాఫీ చాలదు."

"రెండు ఇస్తాలే."

మర్నాడు ఉదయం ఆమె కొలత టేపుతో వచ్చింది. "పద్నాలుగు అడుగులు. దారం పట్టినట్టు సూటిగా ఉంది. ఎడమ గోడలో వేలెడంత రంగు మెరుస్తోంది. దాన్ని ఆవిడ ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదా? మా చర్చి గోడలో రంగు కనిపిస్తే పూజారి ఎదుటే తవ్వేవాణ్ణి నేను."

"నా అనుమానమూ అదే. రాయి కావలసినవాళ్లు రంగు వెంట వంకరటింకరగా పోతారు. ఈవిడ ఎక్కడికో వెళ్లడానికి తవ్వుతోంది." ఆమె గోడ తట్టి చూసింది. "ఈ అలమర జరుపుదాం పట్టండి. గునపం ఇటు దూసుకొచ్చి పింగాణీ గిన్నెలు పగిలితే మీరు నన్ను కూడా తిడతారు."

అలమర జరిపిన కాసేపటికే గోడ పెళ్లలు రాలి, గునపం మొన బయటపడింది. కన్నం పెద్దదయ్యాక, ముఖమంతా తెల్లటి దుమ్ముతో దనిత్సా తొంగిచూసింది.

"మూడు అంగుళాలు పక్కకొచ్చినట్టున్నాను."

"రెండున్నర," అంది మోరిన్.

స్టామతిస్ కన్నం దగ్గరికి వంగాడు. "ఇదేం పనే ముసలిదానా? నాతో ఆడాలనుంటే గుమ్మంలోంచి రావచ్చుగా."

"నేనెందుకొస్తాను? ఓడినవాళ్లే గెలిచినవాళ్లింటికి పోవాలని నియమం పెట్టింది నువ్వు. ఆఖరి ఆట ఓడిందీ నువ్వే. ఎండలో మూడొందల అంగలు వెయ్యలేనన్నావు. ఇప్పుడు ఆట బల్ల దాకా ఇరవై, అదీ నీడలో. ఇంకేం వంక చెబుతావో చెప్పు."

"మరి రేపు ఇల్లు కొనడానికి వచ్చేవాడికి ఏం చెప్పను?"

"గోడకు కన్నముందని చెప్పు. వాడే పోతాడు."

స్టామతిస్ పాచికల పెట్టె చంకన పెట్టుకుని, దీపం పట్టుకుని సొరంగంలో అడుగుపెట్టాడు. ఇటునుంచి కుడివైపు మెరుస్తున్న రంగు దగ్గర ఆగాడు. నలభై ఏళ్లు గనిలో బతికిన వేళ్లు దురద పెట్టాయి; అయినా చెయ్యి చాచలేదు. ఆ ఆకుపచ్చ, ఎరుపు చార చెక్కుచెదరకుండా ఉంది. దాని చుట్టూ జానెడు మేర గునపం గాటు ఒక్కటీ లేదు.