వంటగది గుమ్మం ముందు

టేకు చెక్క రంగు ప్లాస్టిక్ షీటు చుట్ట విప్పగానే హాలంతా కొత్త వాసన. ఎల్సా చెప్పులు విడిచేసి దానిమీద ఓ చుట్టు తిరిగింది. పెళ్ళై ఏడాది నిండలేదు. ఇందిరాపురంలోని ఈ అద్దింటికి ఆమె తనే ఎంచి కొన్న మొదటి వస్తువు ఇదే. పాదాల కింద మెత్తగా తగులుతుంటే నవ్వొచ్చింది. వంటగది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

అక్కడ ఒక టైలు లేచి, పక్కది కుంగిపోయి ఉంది. కాపరానికొచ్చిన కొత్తలోనే, మేస్త్రీని పిలవమని భర్త రూబెన్‌కి చెప్పింది. "ఆస్పత్రి వార్డులన్నీ పరిగెత్తే సిస్టరమ్మవి, రెండు గదుల్లో నడవలేవా?" అన్నాడు. తనూ నవ్వింది. అప్పట్లో అతనేమన్నా నవ్వొచ్చేది. నీళ్ళ బకెట్టుతో ఆ టైలుకే తట్టుకుని బోర్లా పడ్డనాటికి ఆమెకి అయిదో నెల. బిడ్డ దక్కలేదు.

అత్తగారు మార్త ఆ సంగతి చర్చిలో ఇంకోలా చెప్పింది. "నైట్ డ్యూటీలు మానమంటే విన్లేదండీ. ఇంక కడుపెలా నిలుస్తుంది?" రూబెన్ పక్కనే కూర్చుని పాటల పుస్తకం తిరగేశాడు.

ఈ సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక. "వచ్చినవాళ్ళు తట్టుకుంటారు, పైన ఏదైనా పరిచెయ్" అని రూబెన్ పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. వచ్చినవాళ్ళు తట్టుకుంటారట. ఎల్సా గుంటలో అట్టముక్కలు సర్ది, షీటు కత్తిరించి, అంచులకి టేపు వేసింది. మోకాళ్ళు మంటపుట్టాయి. అరచేత్తో నిమిరి చూసింది. కంటికి ఆనని ఎత్తు చేతికి తెలుస్తూనే ఉంది.

"ఇప్పుడసలు ఏమీ లేనట్టే ఉందే," మార్త మెచ్చుకుంది. "ఇదిగో, అందరిముందూ లేచి సాక్ష్యం చెప్తావుగా, అందులో ఉద్యోగం మానేస్తున్నానని చెప్పు. అందరూ నీకోసం ప్రార్థన చేస్తారు."

"రాజీనామా నేను టైప్ చేసిస్తాలే," అన్నాడు ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన రూబెన్.

జనం వచ్చారు. పాటలయ్యాయి. "ఎల్సా, సాక్ష్యం చెప్పమ్మా," అన్నారు పాస్టరమ్మగారు.

ఎల్సా లేచి వంటగది గుమ్మం దాకా నడిచి, మోకరించింది. ముందు ప్రార్థన చేస్తుందనుకుని ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

టేపు ఊడిన చప్పుడుకి కళ్ళు తెరిచారు. షీటు మడిచి, అట్టముక్కలు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోందామె.

"నేను పడింది ఇక్కడండీ, డ్యూటీలో కాదు. రేపు నాకు మార్నింగ్ షిఫ్ట్ ఉంది. వెళ్తున్నాను."