కేకు లేని తిరుగు ప్రయాణం

కారు ఇన్సూరెన్స్ రెన్యువల్ మెసేజి వచ్చేసరికి కేకులావిడ చేతులు మణికట్టు దాకా వెన్నలో ఉన్నాయి. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఇంటి పక్క షెడ్డులో సగానికి గోడ కట్టించి, అందులో పెద్ద ఓవెన్ పెట్టించుకుని, పుట్టినరోజులకూ పెళ్లిళ్లకూ కేకులు చేసి, తన కారులోనే తీసుకువెళ్లి ఇచ్చి వస్తుంది. కారు కదలకపోతే ఓవెన్ వెలిగించడం కూడా దండగే. అందుకే, ఫోన్ అందుకుని చదివిన భర్త మళ్లీ మొదటినుంచి చదవడం చూసి ఆమె వెన్న గిన్నె పక్కకు జరిపింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు. పోయినేటికీ ఇప్పటికీ మధ్య మన కారుకి రెక్కలేమైనా మొలిచాయేమోనని చూస్తున్నా" అన్నాడు అతను. అతనికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఎంత చేదు మాటైనా, అక్షరాలు కనబడని వాళ్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పడం అలవాటు. "పోయినేడు కట్టినదానికి ఇంచుమించు సగం కలిపి అడుగుతున్నారు."

ఆమె చేతులు కడుక్కుని కంపెనీకి ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. గొంతు మంచిదే. రిపేర్ల ఖర్చులు పెరిగాయంది, విడిభాగాల ధరలు మండిపోతున్నాయంది, కారు వ్యాపారానికి కూడా వాడుతున్నారు కదా అంది. చివర్లో కొంచెం గొంతు తగ్గించి, "ఇంకొకటండి. మీ పాలసీలో డెబ్భై దాటిన డ్రైవరు ఒకరున్నారు. ఆ పేరు తీసేస్తే కొంత తగ్గుతుంది" అంది.

కేకులావిడ వెంటనే లొంగిపోయే మనిషి కాదు. మిగతా కంపెనీలన్నిటికీ ఫోన్లు చేసింది. ఒకరు అంతకన్నా ఎక్కువ చెప్పారు. ఇంకొకరు తక్కువే చెప్పారుగాని, అద్దం పగిలితే మాకు సంబంధం లేదు, కారు పోతే మాకు సంబంధం లేదు అంటూ పోతుంటే ఇక సంబంధం ఉన్నదేమిటో ఆమెకు అర్థం కాలేదు. మరొకాయన ఆమె కేకులు చేస్తుందని విని, కారులో ఓవెన్ ఉంటుందా అని అడిగాడు. చివరికి తిరిగి తిరిగి ఆ డెబ్భై దాటిన పేరు దగ్గరికే వచ్చి ఆగింది.

ఆ పేరు ఆమె మామగారిది. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. అది మూతబడి ఎన్నాళ్లో అయినా ఇప్పటికీ అందరికీ టైపు మాస్టారే. రోజూ పొద్దున్నే కారు తీసుకుని లైబ్రరీకి వెళ్లి, పేపర్లన్నీ చదివి, వచ్చేటప్పుడు కూరగాయలు తెస్తాడు. ఆయన వెనక ఇరుక్కున్న కార్లు హారన్లు కొడుతూనే ఉంటాయి. ఆయన మాత్రం, పాపం ఎవరికో ఏదో తొందర, అని జాలిపడతాడు.

"మీ నాన్నగారు కదా, మీరే చెప్పండి" అంది ఆమె భర్తతో.

"నేను చెబితే కొడుకు పక్కకి నెట్టేస్తున్నాడనుకుంటాడు. నీ మాటకైతే బరువుంటుంది."

"బరువులన్నీ మోయడానికి నేనే దొరికాను."

ఇలా ఒకరి మీదికి ఒకరు తోసుకుంటూ కొన్నాళ్లు గడిపారు. చివరికి ఆమే ఒక సాయంత్రం టీ ఇస్తూ, మాటల్ని చుట్టూ తిప్పి తిప్పి, ఎలాగో బయటపెట్టింది.

టైపు మాస్టారు టీ కప్పు కింద పెట్టి, జేబులోంచి కారు తాళం తీసి బల్లమీద ఉంచాడు. "దీనికింత మొహమాటమెందుకమ్మా. ఇంటికి కలిసొస్తుందంటే నేను కాదంటానా" అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మామూలుగానే మాట్లాడాడు. కూర బాగుందని కూడా అన్నాడు. అంత మామూలుగా ఉండటమే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున ఒక డాక్టరు ఇంటికి కేకు ఇవ్వడానికి వెళుతుంటే ఆమెకు బస్‌స్టాపులో మామగారు కనిపించాడు. ఒళ్లో సంచీ పెట్టుకుని, టైపు మెషీన్ ముందు కూర్చున్నట్టు వెన్ను నిటారుగా ఉంచి కూర్చున్నాడు. నిండుగా ఉన్న బస్సొకటి వచ్చి ఆగింది. ఆయన లేచాడు, జనాన్ని చూశాడు, మళ్లీ కూర్చున్నాడు.

ఆమె కారు ఆపి అద్దం దించింది. "ఎక్కండి మామయ్యా."

"నువ్వు పనిమీద పోతున్నావు, వెళ్లమ్మా. బస్సుకేం, బాగానే ఉంది. లోపలికి చోటివ్వదు, అంతే."

ఆయన నవ్వుతూనే అన్నాడు. కేకు ఇచ్చేసి ఇంటికి రాగానే ఆ ఇన్సూరెన్స్ అమ్మాయికి మళ్లీ ఫోన్ చేసింది.

"పేరు తీయకుండా ఇంకే దారీ లేదా?"

"ఒకటుందండి" అంది అమ్మాయి. "కారులో చిన్న పెట్టె ఒకటి పెడతాం. ఎవరు నడిపితే వాళ్లు ఫోన్‌లో తమ పేరు నొక్కి బయల్దేరాలి. ఎంత వేగంగా పోతున్నారు, బ్రేకు ఎలా వేస్తున్నారు, మలుపు ఎలా తిప్పుతున్నారు, అన్నీ అది చూస్తుంది. మీ గడువుకింకా నెలపైన ఉంది కదా. అప్పటిదాకా బాగా నడిపారని తేలితే, వయసుతో పనిలేకుండా తగ్గించొచ్చు."

ఆమె సంగతి ఇంట్లో చెప్పి, కారు తాళం తీసుకెళ్లి మామగారి చేతిలో పెట్టింది. "ముందు ఆ పెట్టె ఏమంటుందో చూద్దాం మామయ్యా. పేర్లు తీయడం తరవాతి మాట."

ఆమె మనసులో వేరే లెక్క ఒకటుంది. పెట్టె తన భర్త బండారం బయటపెడుతుందని ఆమె గట్టి నమ్మకం. అతను ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో కథలు చెబుతాడు. పక్క కారువాడి ముక్కుమీద కళ్లజోడు ఎంత వంకరగా కూర్చుందో కూడా చూపిస్తాడు. ఇక తన సంగతంటారా, తనకన్నా జాగ్రత్తగా నడిపేవాళ్లు ఈ చుట్టుపక్కల ఉన్నారా?

వారం తిరిగేసరికి ఫోన్‌లో రంగులు వచ్చాయి. మామగారికి అంతా ఆకుపచ్చ, ఒక్కచోట పసుపు. హఠాత్తుగా బ్రేకు వేశాడట.

"పావురాలమ్మా" అన్నాడాయన సంజాయిషీ ఇస్తున్నట్టు. "నడిరోడ్డు మీద సభ పెట్టుకున్నాయి. అధ్యక్షుల వారు లేచేదాకా ఆగాల్సొచ్చింది."

భర్తకు కొంత ఆకుపచ్చ, కొంత పసుపు. కేకులావిడ తన పేరు మీద వేలు పెట్టింది. ఎరుపు.

ఆమె ఫోన్ ఆపి మళ్లీ వెలిగించింది. అప్పుడూ ఎరుపే. భర్త పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు వణుకుతోంది.

"నవ్వుతున్నారా?"

"లేదు లేదు. తుమ్ము వస్తోంది."

మర్నాడు ఆమె మండిపడుతూ ఫోన్ చేసింది. "మీ పెట్టె పాడైపోయిందమ్మా. ఇన్నేళ్లుగా కేకులు మోస్తున్నాను. నా కారులో ఒక్క క్రీము పువ్వు కూడా నలగలేదు. నాకు ఎరుపేమిటి?"

"ఒక్క నిమిషం, చూస్తానండి." అవతల కీబోర్డు టకటకలాడింది. "నిన్న పొద్దున వెళ్లిన ట్రిప్పు ఆకుపచ్చగానే ఉంది. నిజం చెప్పాలంటే ఇంత నున్నగా నడిపినవాళ్లని నేను చూడలేదు. వెనక్కి వచ్చిన ట్రిప్పు..." అమ్మాయి కాస్త తటపటాయించింది. "ఎరుపు. మొన్న కూడా అంతే, పోతే ఆకుపచ్చ, వస్తే ఎరుపు. ఏమీ అనుకోకండి, తిరిగి వచ్చేటప్పుడు ఇంకెవరైనా నడుపుతున్నారా?"

కేకులావిడ ఆ రెండు ట్రిప్పులూ మనసులో మళ్లీ నడిపి చూసుకుంది. వెళ్లేటప్పుడు వెనక సీట్లో కేకు ఉంటుంది. గతుకు కనబడితే ఊపిరి బిగబట్టి దాటిస్తుంది. మలుపు దగ్గర పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు తిప్పుతుంది. కేకు దించేసిన మరుక్షణం ఆ కారు ఎలా ఇల్లు చేరుతుందో ఆమె ఎన్నడూ చూసుకోలేదు. ఇప్పుడు చూసుకుంటే, నిన్న కూరగాయల బండి పక్కనుంచి దూసుకొచ్చినప్పుడు బండివాడు తిట్టిన తిట్టు గుర్తుకొచ్చింది. వాడికేదో ఒంట్లో బాగాలేదనుకుంది అప్పుడు.

ముందు చెవులు వేడెక్కాయి. ఆ తరవాత నవ్వొచ్చింది. ఫోన్‌లోనే పగలబడి నవ్వేసరికి అవతల అమ్మాయికి కూడా నవ్వాగలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆమే స్వయంగా చెప్పింది. ఎలాగూ బయటపడే సంగతి, భర్త నోట వినేకన్నా తానే చెప్పడం మేలు. టైపు మాస్టారు పొలమారేదాకా నవ్వాడు. మంచినీళ్లు తాగి, "అయితే కేకు దిగగానే కేకలు మొదలన్నమాట" అన్నాడు.

"మీరూ నవ్వండి మామయ్యా. నాకీ శాస్తి జరగాల్సిందే."

"నవ్వు సరేగానీ, రేపు నేనూ వస్తాను. తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో కూర్చుంటా. నన్నే కేకనుకో."

"ఎన్ని అంతస్తుల కేకు మామయ్యా?"

"మూడు" అన్నాడాయన. బట్టతల నిమురుకుని, "పైన క్రీము పెట్టడం మాత్రం మరిచిపోయావు" అన్నాడు.

మర్నాడు ఒక ఆఫీసులో రిటైరవుతున్న పెద్దమనిషి కోసం చేసిన కేకు దించేసి, ఇద్దరూ బయల్దేరారు. టైపు మాస్టారు వెనక సీటు మధ్యలో, ఒళ్లో ఖాళీ అట్టపెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి మలుపులోనే వెనకనుంచి వినిపించింది: "పువ్వొకటి వంగింది తల్లీ."

ఆమె వేగం తగ్గించింది. కొంత దూరం పోయాక ఎవరో కుర్రాడి కారు జోరుగా వచ్చి ముందుకు దూరింది. ఆమె కాలు దానంతటదే కిందికి నొక్కింది.

"రెండో అంతస్తు జారింది. తినడానికి పనికొస్తుందిలే, ఫోటోకి మాత్రం పనికిరాదు."

నవ్వు ఆపుకోలేక ఆమె కారు పక్కకు తీసి ఆపింది. కళ్లు తుడుచుకుని, "నేను కావాలని చేయను మామయ్యా" అంది. "ఇక్కడ దించగానే తరవాతి కేకు బుర్రలోకి వచ్చేస్తుంది. ఓవెన్ వేడి చేయాలి, క్రీము గిలకొట్టాలి. నేనిక్కడుంటే నా మనసు ఇంట్లో ఉంటుంది. కాలు దాని మాటే వింటుంది."

"టైపు పిల్లలూ అంతే" అన్నాడాయన. "పేజీ అడుగుకొచ్చేసరికి లేచిపోదామన్న తొందరలో వేళ్లు పరుగెత్తేవి. తప్పులన్నీ ఆ చివరి నాలుగు వరసల్లోనే. నేను తిట్టేవాణ్ణి కాదు. వాళ్ల కాగితం అక్కడికి వచ్చినప్పుడు పక్కన నిలబడేవాణ్ణి, అంతే."

ఆ తరవాత ఆయన చాలాసార్లు ఆమె పక్కన నిలబడ్డాడు. అంటే, వెనక కూర్చున్నాడు. కేకు ఇచ్చే రోజుల్లో పోతూ ఆయన్ని లైబ్రరీ దగ్గర దించి, వస్తూ ఎక్కించుకునేది; మిగతా రోజుల్లో ఆయనే నడుపుకుని వెళ్లేవాడు. ఒక్కో రోజు పెళ్లి కేకయ్యేవాడు, ఒక్కో రోజు ఏడాది పిల్ల పుట్టినరోజు కేకు. ఆమె కూడా ఊపిరాడకుండా ఆర్డర్లు ఒప్పుకోవడం మానింది. రెండు కేకుల మధ్య కాస్త ఎడం ఉండేలా చూసుకుంది. ఎరుపు పసుపైంది. పసుపు మెల్లగా ఆకుపచ్చలోకి దిగింది. ఈలోగా భర్తకు ఒకరోజు ఎరుపు పడింది. అతను పెట్టె పాడైపోయిందన్నాడు. మామా కోడలూ మొహాలు చూసుకుని ఊరుకున్నారు.

గడువు దగ్గరపడ్డాక ఆ అమ్మాయే ఫోన్ చేసింది. చిన్న చిన్న గీతలకూ సొట్టలకూ క్లెయిము అడగకుండా మేమే బాగుచేయించుకుంటామని కేకులావిడ ఒప్పుకుంది. అన్నీ కలిపి చూస్తే ధర పోయినేటి మీద కాస్త ఎక్కువేగాని, కంపెనీ మొదట అడిగినదానికి చాలా దిగువన ఆగింది. ముగ్గురి పేర్లూ అలాగే ఉన్నాయి.

"మా మామగారు పావురాలకి కూడా దారిస్తారమ్మా. దానికేం తగ్గింపు లేదా?" అని చివరి బేరం ఆడింది ఆమె.

"మా కంప్యూటర్లో పావురాల గడి లేదండి" అంది అమ్మాయి.

డబ్బు కట్టిన ఆదివారం టైపు మాస్టారు, పదండి, అలా ఊరి చివరిదాకా పోయి వద్దాం అన్నాడు. ఆయనే నడిపాడు. కొడుకు ముందు కూర్చుని కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. కేకులావిడ వెనక కూర్చుంది. వెనకాల వరసకట్టిన కార్లు మామూలుగానే హారన్లు మోగించాయి. కాసేపు ఆమె కుడికాలు, అక్కడ లేని పెడలు కోసం వెతికింది. తరవాత అలసిపోయి ఊరుకుంది. ఆమె కిటికీలోంచి చూడసాగింది.

ఊరి చివరి పెళ్లి హాలుకు కేకులిచ్చి ఎన్నోసార్లు ఇదే దారిన తిరిగి వచ్చింది. అప్పుడెన్నడూ కంటపడని తుప్పుపట్టిన గేటు వెనక, వరసలు వరసలుగా గులాబీ మొక్కలు కనిపించాయి. గేటు మీద బోర్డుంది. మందులు కొట్టని పూలు అమ్మబడును అని రాసి ఉంది. కేకుల మీద పెట్టడానికి అలాంటి పూలు దొరక్క ఆమె ఇన్నాళ్లూ క్రీముతో తంటాలు పడుతోంది.

"మామయ్యా, కొంచెం ఆపుతారా?"

"ఆపడమేముందమ్మా" అన్నాడు టైపు మాస్టారు. "మనం ఇంచుమించు ఆగే ఉన్నాం."

ఆమె దిగి, చెప్పుల్లో దుమ్ము నింపుకుంటూ, గేటు తోసుకుని లోపలికి వెళ్లింది.